పాఠకుల ప్రశ్నలు: హాబీ ఫోరంలు ఎందుకు ఖాళీ అవుతున్నాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగాయి. తేలిగ్గా తేలే విషయం కాదు కాబట్టి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: టెలిస్కోపు అద్దాలను ఇంట్లోనే నూరి తయారు చేసుకోవడం నా వ్యాపకం. ఎన్నో ఏళ్లపాటు నాకు గురువైనా, గ్రంథాలయమైనా ఇంటర్నెట్‌లోని ఒక చర్చా ఫోరమే. ఇప్పుడు అందులో వారానికి ఒక పోస్టు పడితే గొప్ప. అదే విషయం మీద ఫేస్‌బుక్‌లో ఉన్న గ్రూపులో వేలమంది సభ్యులున్నారు, కానీ అక్కడ అడిగిందే మళ్లీ అడుగుతుంటారు, పాత జవాబు వెతికితే దొరకదు. ఆసక్తి ఉన్నవాళ్లు తగ్గలేదు కదా, మరి ఫోరంలు ఎందుకు చితికిపోతున్నాయి? లేక ఇదంతా నా వయసు తెచ్చిన బెంగేనా?

జవాబు: బెంగ కాదండి, మీరు చూస్తున్నది నిజమైన నష్టమే. అది ఎక్కడ జరుగుతోందో మీ ఉత్తరంలోనే ఉంది. అద్దాలు నూరేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మాట్లాడుకుంటూనే ఉన్నారు. వాళ్లు చెప్పుకున్న మాటలు నిలిచి ఉండే చోటు పోయింది.

ఒకే అభిరుచి ఉన్నవాళ్లు కంప్యూటర్ల ద్వారా కలుసుకోవడం సోషల్ మీడియా కంటే చాలా ముందే మొదలైంది. 1978 ఫిబ్రవరిలో షికాగోలో వార్డ్ క్రిస్టెన్సన్, రాండీ సూస్ ప్రారంభించిన బులెటిన్ బోర్డుకు ఫోను లైను ద్వారా ఒకసారి ఒక్కరే చేరగలిగేవారు. ఆ ఒక్కరూ చదివి, రాసి, లైను వదిలితే ఇంకొకరికి వంతు వచ్చేది. మరుసటి ఏడాది డ్యూక్ విశ్వవిద్యాలయంలో టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ రూపకల్పన చేసిన, కంప్యూటర్ల మధ్య చర్చల సందేశాలను పంచే యూజ్‌నెట్‌లో, 1987 ప్రాంతంలో చర్చాబృందాలన్నిటినీ తిరిగి వర్గీకరించినప్పుడు వ్యాపకాలకు ప్రత్యేకంగా ఒక విభాగమే ఏర్పడింది. ఆ తర్వాత పీహెచ్‌పీబీబీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ అందుబాటులోకి వచ్చాక, సర్వరులో కాస్త చోటు అద్దెకు తీసుకోగలిగిన ఏ ఔత్సాహికుడైనా ఫోరం తెరవగలిగాడు. ఫౌంటెన్ పెన్నులకు, పాత రేడియోలకు, తేనెటీగల పెంపకానికి, ఒక్కో మోడల్ మోటారు సైకిలుకు కూడా విడివిడిగా ఫోరంలు వెలిశాయి.

2004లో ఫేస్‌బుక్, 2005లో చర్చల సైటు రెడిట్, 2015లో గ్రూపు కబుర్ల యాప్ డిస్కార్డ్ వచ్చాయి. ఒక్కో వ్యాపకానికి కొత్త ఖాతా తెరవాల్సిన పని లేదు, చాలాచోట్ల నిర్వాహకుడి ఆమోదం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు, చేతిలో ఉన్న ఫోనులోనే అంతా అయిపోతుంది. చాలా ఫోరంలు మాత్రం పెద్ద తెరల కోసం రూపొందినవి. ఫోనులో వాటి అక్షరాలు చీమల్లా కనిపించేవి. జనం సౌకర్యం ఉన్న వైపు వెళ్లారు. అందులో తప్పేమీ లేదు.

అయితే ఫోరంలోనూ, సోషల్ మీడియాలోనూ సంభాషణను అమర్చే తీరే వేరు, అసలు సంగతి అక్కడుంది. ఫోరంలో ప్రతి చర్చకూ ఒక శీర్షిక, ఒక స్థానం ఉంటాయి. మూడేళ్ల కిందటి థ్రెడ్‌కు, అంటే ఒక ప్రశ్న, దాని కింది జవాబుల వరుసకు, ఈ రోజు ఎవరైనా జవాబు రాస్తే అది మళ్లీ జాబితాలో మొదటికి వస్తుంది, పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒకే పేజీలో కలుసుకుంటారు. ఫేస్‌బుక్ వంటి చోట్ల కిందికి జరుపుతూ చూసే ఫీడ్‌లో ఏది ముందు కనిపించాలో అల్గారిథం నిర్ణయిస్తుంది, దానికి కావలసింది ఈ గంటలో స్పందన తెచ్చే పోస్టు. నిన్నటి మంచి జవాబును పైకి తేవలసిన అవసరం దానికి లేదు.

మీ వ్యాపకం నుంచే ఒక థ్రెడ్‌ను ఊహించుకుందాం. ఆరంగుళాల అద్దానికి మెరుగు పెడుతున్న ఒకరికి అంచు వాలిందేమోనని అనుమానం వచ్చింది. అద్దం వంపు సరిగా ఉందో లేదో చూసే ఫూకో పరీక్షలో కత్తి అంచు వెలుగును అడ్డుకున్నప్పుడు అద్దం మీద కనిపించే నీడలను ఫొటోలు తీసి పెట్టారు. ఆ నీడను చూసిన ఒక అనుభవజ్ఞుడు, పాలిష్ దిమ్మ మీద పోసిన పిచ్ (తారులాంటి జిగురు పదార్థం) మరీ మెత్తగా ఉందా, చెయ్యి మరీ దూరం సాగదీస్తున్నారా అని అడిగారు. అడిగినాయన గట్టి పిచ్ పోసి, చేతి విసురు తగ్గించి, కొన్ని వారాల తర్వాత కొత్త ఫొటోలతో తిరిగొచ్చారు. మధ్యలో మరొకరు, వాలిన అంచు సన్నగా ఉంటే దాన్ని నల్ల కాగితపు వలయంతో కప్పేస్తే సరిపోతుంది, మళ్లీ మొదటి నుంచి నూరడం ఎందుకని వాదించారు. ఇద్దరి మాటా సబబే. వలయం వేస్తే అంచు మేర కాస్త వెలుగు పోతుంది, మళ్లీ నూరితే కాలం పోతుంది. ఏది కావాలో చదివినవాళ్లు తేల్చుకోవచ్చు. నెలల తరబడి మెల్లగా సాగిన ఈ చర్చ అంతా క్రమంగా ఒకే చోట ఉండబట్టే, నాలుగేళ్ల తర్వాత అదే చిక్కులో పడ్డ మరొకరు ఎవరినీ అడగకుండా బయటపడగలరు. చెయ్యి తిరిగేందుకు నెలలు పట్టే వ్యాపకాలకు ఇటువంటి సంభాషణే కావాలి. ఒక్క రోజులో కిందికి జారిపోయే పోస్టులో ఇది సాగదు.

పాత జవాబు దొరకనప్పుడు కొత్తవాళ్లు మళ్లీ అడగక తప్పదు, తప్పు వాళ్లది కాదు. ఆ ప్రశ్నకు పదేపదే ఓపికగా చెప్పిన నిపుణుడు చివరికి విసిగి మౌనం వహిస్తాడు. అప్పుడు జవాబిచ్చేది నిన్న నేర్చుకున్నవాళ్లు. గ్రూపులో సభ్యుల సంఖ్య పెరుగుతూ, అందులోని జ్ఞానం పలచబడడం వెనుక ఉన్నది ఈ వరుసే.

ఉన్నవైనా భద్రంగా ఉన్నాయా అంటే అదీ లేదు. ఫోరంలలో చాలామంది ఫొటోలను ఫోటోబకెట్ వంటి ఉచిత సైట్లలో ఉంచి, లింకు మాత్రమే ఇచ్చేవారు. 2017లో ఆ సంస్థ, ఇతర సైట్లలో ఫొటోలు కనబడాలంటే ఏడాదికి దాదాపు 400 డాలర్లు కట్టాలంది. తర్వాత ధర తగ్గించినా, అప్పటికే ఎన్నో వివరణలు గుడ్డివైపోయాయి. ‘మీ మూడో ఫొటోలో కుడివైపు నీడ చూడండి’ అన్న వాక్యం ఉంటుంది, ఆ పైన ఉండాల్సిన ఫొటో ఉండదు. సినిమాల సైటు ఐఎండీబీ తన చర్చావేదికలను 2017 ఫిబ్రవరిలో మూసేసింది. యాహూ గ్రూప్స్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న సందేశాలను, ఫైళ్లను 2019 చివర్లో తొలగించే పని మొదలుపెట్టి, 2020 డిసెంబరులో ఆ సేవనే నిలిపివేశారు. అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్‌పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోలేదు. ఫోరంలను విడిగా లెక్కించిన అంకె కాదిది, కానీ మీ అనుభవం మీ ఒక్కరిదే కాదని చెప్పడానికి ఇది చాలు.

ఒక్క ఊరట ఉంది. కెమెరాల సైటు డీపీరివ్యూను మూసేస్తున్నట్టు 2023 మార్చిలో దాని యాజమాన్యం ప్రకటించింది. పాతికేళ్ల చర్చలు పోతాయని ఫొటోగ్రాఫర్లు గగ్గోలు పెట్టారు, వాటిని దాచేందుకు స్వచ్ఛందంగా పూనుకున్నవారూ ఉన్నారు. కొన్ని నెలలకే మరో సంస్థ ఆ సైటును కొనుక్కొని నడపడానికి ముందుకొచ్చింది.

ప్రశ్న: నేను కాక్టస్ మొక్కలు పెంచుతాను. మొదట్లో ఒక ఫోరంలో సందేహం అడిగితే ‘ముందు పాత పోస్టులు వెతుక్కో’ అని కసిరారు. గ్రూపులో అడిగితే పది నిమిషాల్లో ఆప్యాయంగా చెప్పారు. అలాంటి ఫోరంలు పోతే బాధపడడం దేనికి?

జవాబు: మీకు జరిగింది అన్యాయమే. చాలా ఫోరంలు చిక్కిపోవడానికి వాటి పాత సభ్యుల ఈ దురుసుతనమూ ఒక కారణమని నేను నమ్ముతున్నాను. ఇది కొత్త జబ్బు కాదు. యూజ్‌నెట్ రోజుల్లో ఏటా సెప్టెంబరులో కాలేజీల్లో చేరిన విద్యార్థులు కొత్తగా వచ్చి పడేవారు. కొన్ని వారాల్లో అక్కడి మర్యాదలు నేర్చుకొని కలిసిపోయేవారు. 1993 నుంచి ఇళ్లకు ఇంటర్నెట్ అందించే వాణిజ్య సంస్థల ద్వారా కొత్తవాళ్లు ఏడాది పొడుగునా రావడంతో, పాతవాళ్లు ఆ కాలానికి ‘ముగియని సెప్టెంబరు’ అని పేరు పెట్టారు. ఆ పేరులోనే విసుగు వినిపిస్తుంది. వచ్చేవారికి నేర్పే ఓపిక ఉన్న చోటు నిలబడుతుంది, లేని చోటు తన వారసులను తానే తరిమేసుకుంటుంది.

అయినా ఆ కసురు వెనుక ఒక నిజముంది: వెతుక్కోమని చెప్పగలిగారంటే, వెతకడానికి అక్కడ ఏదో ఉందన్నమాట. మొక్క పేరు తెలుసుకోవడానికి పది నిమిషాల జవాబు చక్కగా సరిపోతుంది. మొదలు కుళ్లుతున్న కాక్టస్‌ను ఎక్కడిదాకా కోయాలి, కోసిన భాగాన్ని నాటే ముందు ఎంతకాలం ఆరనివ్వాలి, వేరు పట్టిందా లేదా అన్నది తేలడానికి వారాలు, నెలలు పడుతుంది. గ్రూపులో సలహా ఇచ్చినవారికి ఆ మొక్క బతికిందో లేదో ఎప్పటికీ తెలియదు. కాబట్టి మీకు ఒక విన్నపం. ఈసారి మొక్క తేరుకున్నాక, లేదా చనిపోయాక, ఏం చేశారో, ఎన్ని రోజులకు ఏమైందో ఫొటోలతో సహా పూర్తిగా రాసి, లాగిన్ అక్కర్లేకుండా ఎవరైనా చదవగలిగే చోట పెట్టండి. వాట్సాప్‌లోనూ, డిస్కార్డ్‌లోనూ రాసింది సాధారణంగా సెర్చ్ ఇంజిన్లకు కనబడదు. అవసరమైన మనిషి దాన్ని చేరుకోలేడు.

ప్రశ్న: ఫౌంటెన్ పెన్నుల మరమ్మతుల మీద ఒక చిన్న ఫోరంను చాలాకాలంగా సొంత ఖర్చుతో నడుపుతున్నాను. చురుగ్గా ఉండే సభ్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది మిగిలారు. అందరూ డిస్కార్డ్‌కు మారదామంటున్నారు. స్పాం ఖాతాలు ఏరివేయడం, సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయడం నాకిక శక్తికి మించిన పని. మూసేయమంటారా?

జవాబు: ఇన్నేళ్లు జీతం లేకుండా మీరు మోసిన బరువు చిన్నది కాదు. దించుకునే హక్కు మీకు పూర్తిగా ఉంది, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. పైగా చట్టపరమైన బాధ్యతలు కూడా పెరుగుతున్నాయి. బ్రిటన్‌లో ఆన్‌లైన్ సేఫ్టీ చట్టం కింది విధులు 2025 మార్చిలో అమల్లోకి వచ్చే ముందు, ఆ భారం మోయలేమని కొందరు చిన్న ఫోరంల నిర్వాహకులు మూసివేత ప్రకటించారు.

కబుర్లకు డిస్కార్డ్ బాగానే ఉంటుంది, అక్కడికి వెళ్లండి. అయితే ఫోరంను నడపడం ఆపడం వేరు, చెరిపేయడం వేరు. మొదటిది చేయండి, రెండోది వద్దు. ముందుగా పోస్టులన్నీ ఉండే డేటాబేస్‌నూ, సభ్యులు జతచేసిన ఫొటోల ఫోల్డరునూ పూర్తిగా బ్యాకప్ తీసి, ఒక ప్రతిని మీరు నమ్మే సభ్యుడికి ఇవ్వండి. ఫొటోలను మరిచిపోయేవారే ఎక్కువ. పెన్ను లోపలి రబ్బరు సంచిని లక్క జిగురుతో ఎలా అతికించాలో చెప్పే థ్రెడ్‌లో ఫొటో లేకపోతే మిగిలేది సగమే. ఆ తర్వాత కొత్త రిజిస్ట్రేషన్లు, కొత్త పోస్టులు ఆపేసి, థ్రెడ్లన్నిటినీ మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చండి. డేటాబేసూ లాగినూ లేని పేజీలకు స్పాం బెడద ఉండదు, ఫోరం సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల అవసరమూ ఉండదు, ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. పేజీల చిరునామాలు వీలైనంతవరకు పాతవే ఉంచండి, లేకపోతే ఇతర సైట్ల నుంచి మీకు వచ్చే లింకులన్నీ తెగిపోతాయి. సభ్యుల ఈమెయిళ్లు, వ్యక్తిగత సందేశాలు మాత్రం ఆ పేజీల్లోకి రాకూడదు. సభ్యుడికిచ్చే బ్యాకప్‌లో నుంచి కూడా వాటిని తీసేయండి.

వెబ్‌పేజీల నకళ్లను దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌ను ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2001లో అందరికీ తెరిచింది. అందులో మీ పేజీలు ఇప్పటికే కొన్ని ఉండవచ్చు. అక్కడ వెతికి చూసి, లేని ముఖ్యమైన థ్రెడ్లను మీరే చేర్చండి. అన్నీ చేర్చలేకపోతే, మరమ్మతు చివరికి ఫలించిందో లేదో రాసి ఉన్న వాటితో మొదలుపెట్టండి.

మూసివేత ప్రకటనను కనీసం మూడు నెలల ముందు ముఖపేజీలో పెట్టి, సభ్యులందరికీ ఈమెయిలు కూడా పంపండి. ఏళ్ల కిందట మానేసిన పాత సభ్యులు తమ ఫొటోలు దింపుకోవడానికైనా వస్తారు, ఎవరైనా తమ పోస్టులు తొలగించమంటే ఆ గడువులో తొలగించవచ్చు. వాళ్లలో ఒకరు పగ్గాలు తీసుకుంటామని ముందుకొచ్చినా రావచ్చు. అలా వస్తే డొమైను పేరును (సైటు చిరునామాను), దాని గడువు తేదీని, సర్వరు పాస్‌వర్డులను రాతపూర్వకంగా అప్పగించండి. ఎవరూ రాకపోతే, డొమైనును వీలైనన్ని ఏళ్లకు ముందుగానే రెన్యువల్ చేయించి, బ్యాకప్ ప్రతి ఉన్న సభ్యుడి ఈమెయిలును ఆ ఖాతాలో రెండో చిరునామాగా చేర్చండి.