కల్చర్‌లో ఏమీ లేదన్నారు సరే, గొర్రెల సంగతి డాక్టర్‌కు చెప్పారా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. నాన్నకు 54 ఏళ్లు, ఆరేళ్ల కిందట గుండెలో వాల్వ్ మార్చారు. రెండు నెలలుగా సాయంత్రమైతే జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి. టైఫాయిడ్ అని రెండు కోర్సులు వాడాం, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. బ్లడ్ కల్చర్‌లో (రక్తంలోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) ఏమీ లేదన్నారు. మాకు 40 గొర్రెలున్నాయి, అందుకేమైనా వచ్చిందా?

జవాబు: అమ్మా, మీరు ఆఖర్న రాసిన గొర్రెల మాటే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. వాల్వ్ మార్చిన మనిషికి జ్వరం ఇన్నాళ్లు వదలకపోతే ముందు వాల్వ్‌కు క్రిములు పట్టాయేమోనని అనుమానించాలి. ఎక్కువమందిలో స్టాఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ లాంటి బ్యాక్టీరియా కల్చర్‌లో దొరికిపోతాయి. దొరకలేదంటే, కల్చర్‌కు ముందే యాంటీబయాటిక్ పడి ఉండాలి, లేదా మామూలు కల్చర్‌లో తేలిగ్గా పెరగని క్రిమి అయినా కావాలి. మీ విషయంలో నా అనుమానం గొర్రెల నుంచి మనుషులకు వచ్చే రెండు క్రిముల మీద: ఒకటి బ్రూసెల్లా, రెండోది క్యూ ఫీవర్ అనే జబ్బు తెచ్చే కాక్సియెల్లా.

రాత్రిపూట గొర్రె ఈనుతుంటే టార్చిలైట్ వెలుగులో వట్టి చేతులతో పిల్లను లాగి, మాయ తీసి, తువ్వాలుకు తుడుచుకుని అదే భుజాన వేసుకుంటారు కదా, జబ్బున్న గొర్రె అయితే ఆ మాయలో, ఈసుకుపోయిన (నెలలు నిండక పడిపోయిన) పిల్లలో ఈ క్రిములు కోట్లలో ఉంటాయి. బ్రూసెల్లాకు చేతి మీద చిన్న గీత చాలు, కాచని పాలతోనూ వస్తుంది. కాక్సియెల్లా ఎండిన దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేపలు, రొయ్యల పని చేసేవాళ్లకైతే ముల్లు గుచ్చుకున్న వేలు ఊదారంగులో వాచి, అరుదుగా ఎరిసిపెలోథ్రిక్స్ అనే క్రిమి వాల్వ్ దాకా పోతుంది, దాని మీద వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయదు, పెన్సిలిన్ పనిచేస్తుంది. అందుకే ఏం పని చేస్తారో డాక్టర్‌కు చెప్పి తీరాలి.

ఇక మూడో కోర్సు మాత్రం సొంతంగా వేయకండి. ఈ వారంలోనే నెల్లూరులో గానీ, తిరుపతి స్విమ్స్‌లో గానీ కార్డియాలజిస్టుకు చూపించండి. గొంతులోంచి గొట్టం పంపి చేసే ఎకో (గుండె స్కానింగ్), మళ్లీ కల్చర్లు, బ్రూసెల్లా, క్యూ ఫీవర్ యాంటీబాడీ పరీక్షలు అడగండి. బ్రూసెల్లా అనుమానం ఉందని ల్యాబ్‌కు ముందే చెప్పించండి, అది అక్కడ పనిచేసేవాళ్లకు అంటుకునే క్రిమి. తేలితే మందులు నెలల తరబడి వాడాలి, మార్చిన వాల్వ్‌కు క్యూ ఫీవర్ అయితే కనీసం రెండేళ్లు, ఒక్కోసారి మళ్లీ ఆపరేషన్ కూడా. రక్తం పలుచబడే మాత్ర వాడుతుంటే ఆపకండి, కానీ బ్రూసెల్లాకు వాడే రిఫాంపిసిన్ మొదలుపెడితే ఆ మాత్ర పని తగ్గిపోతుంది కాబట్టి ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలుచగా ఉందో చెప్పే పరీక్ష) త్వరత్వరగా చూపించాలి.

ఆయాసం వచ్చినా, మాట ముద్దగా వచ్చినా, ఒక చెయ్యి పట్టు తప్పినా వారం ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ ఏడాది మందలో ఎన్ని ఈసుకుపోయాయో నాన్నగారిని అడిగి రాసుకుని వెళ్లండి. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జ్వరం ఉంటే వాళ్లకూ ఆ పరీక్షలు చేయించండి.