గైడ్ డాగ్ గుర్రుమంటే ముందు హార్నెస్ తీసేయండి

మీరు అడిగింది ఇది. మీ తమ్ముడికి చూపు లేదు. అమెరికాలో చదువుకునేటప్పుడు అక్కడి గైడ్ డాగ్ స్కూలు ఒకటి చూపులేనివాళ్లని దారి నడిపించే కుక్కని, అంటే గైడ్ డాగ్‌ని ఇచ్చింది. దాన్ని తీసుకునే కరీంనగర్ వచ్చేశాడు. కొత్తలో బుద్ధిగా ఉన్న కుక్క ఈ మధ్య వీధికుక్కల మీదికి ఉరుకుతోంది, మొన్న పాలబ్బాయి మీద గుర్రుమంది. గైడ్ డాగ్స్ కరవవంటారు కదా, మరి ఇదేంటి? నాలుగు తగిలిస్తే అదే దారికొస్తుందని ఒక ట్రైనర్ అంటున్నాడు, నిజమేనా?

నిజం కాదు. కొట్టనివ్వకండి. ఇవాళ్టి నుంచి కుక్కకి హార్నెస్ (పనిలో ఉన్నప్పుడు ఒంటికి వేసే, మనిషి పట్టుకునే హ్యాండిల్ ఉన్న పట్టీ) వేయకండి, మీ తమ్ముడు కొన్నాళ్లు తెల్లకర్రతో తిరగాలి. ఇంట్లో వాళ్లకి ఇది పెద్ద శిక్షలా అనిపిస్తుంది కానీ, అనుమానం ఉన్న కుక్కని పనిలోకి దింపడం కంటే ఇదే నయం.

నేనూ పూర్తిగా చూపు లేనివాణ్ణే. న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నప్పుడు నాకూ ఒక నల్ల ల్యాబ్రడార్‌ని ఇచ్చారు. అమ్మానాన్నలు పెద్దవాళ్లయ్యారని హనుమకొండ వచ్చేస్తే అదీ నాతో వచ్చింది. మీరు రాసిన కథే దాదాపు నా ఇంట్లోనూ జరిగింది. కాబట్టి పుస్తకంలోది కాకుండా నాకు తెలిసింది రాస్తాను.

గైడ్ డాగ్స్ కరవవు అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, వాటిని ఎంచే పద్ధతి నుంచి. పిల్లగా ఉన్నప్పుడు ఏడాదికి పైగా వాలంటీర్ల ఇళ్లలో పెరుగుతాయి. బస్సులు, బజార్లు, పసిపిల్లలు, పిల్లులు అన్నీ అలవాటు చేస్తారు. తర్వాత నెలల తరబడి స్కూల్లో శిక్షణ, చివర్లో చూపులేని మనిషితో కలిపి కొన్ని వారాలు. ఈ దారిలో ఎక్కడ మనుషుల మీదో కుక్కల మీదో దూకుడు కనిపించినా దాన్ని పక్కన పెట్టేస్తారు. బాగా పిరికిదైనా అంతే. 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో, యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం తొలి స్కూలు పెట్టినప్పుడు వాడినవి జర్మన్ షెపర్డ్‌లు. 1929లో అమెరికాలో ‘ది సీయింగ్ ఐ’ అనే గైడ్ డాగ్ స్కూలు మొదలవడానికి కారణమైన బడ్డీ అనే కుక్క కూడా షెపర్డే. ఇప్పుడు ఎక్కువగా ల్యాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, వాటి క్రాస్‌లు. ఏ జాతైనా సరే, కాపలా కాసే బుద్ధి ఉన్న కుక్క ఈ పనికి రాదు. మా కాలనీలో ఎవరికి చెప్పినా ఈ ముక్క నమ్మలేదు. “గట్ల ఊకుంటే ఇంగ కుక్కెందుకు సార్?” అని మా వాచ్‌మన్ చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు.

అయితే స్కూలు పరీక్షించి పంపింది ఆ రోజు ఉన్న కుక్కని. ఆ తర్వాత దాని ఒంటికేమైంది, దాని మీద ఎవరు పడ్డారు అన్నవి స్కూలు చేతిలో లేవు. గైడ్ డాగ్ దూకుడుగా మారడం అరుదే కానీ, మారితే వెనకాల దాదాపుగా నొప్పో భయమో ఉంటుంది. రెండూ కలిసే సందర్భాలూ తక్కువ కాదు.

అందుకే మొదట పశువైద్యుడి దగ్గరికి. మీకు జిల్లా పశువుల ఆసుపత్రి ఉంది, కోరుట్లలో వెటర్నరీ కాలేజీ కూడా ఉంది. మేం మామునూరు కాలేజీలో చూపించాం. చెవులు తప్పకుండా చూడమనండి. ల్యాబ్రడార్ల చెవులు వాలి ఉంటాయి కాబట్టి మన వానాకాలం తేమకి లోపల ఇన్ఫెక్షన్ తొందరగా వస్తుంది. తల మీద చెయ్యి పడితే ప్రాణం పోయేంత నొప్పి, ఎవరో పిల్లాడు ముద్దుగా నిమరబోతాడు, అది గుర్రుమంటుంది, మనం పొగరనుకుంటాం. పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష చేయించండి. అరికాళ్లు కాలాయేమో, తుంటి కీళ్లు అరిగాయేమో, హార్నెస్ పట్టీ కింద చర్మం ఒరుసుకుపోయిందేమో చూడాలి. రోజూ ముక్కు నుంచి తోక దాకా చేత్తో తడిమి చూసుకోవడం మీ తమ్ముడికి స్కూల్లో నేర్పే ఉంటారు, అది మానేశాడేమో అడగండి. నా కుక్కకి కుడి చెవి లోపల బాగా వాచి ఉంది. మందు పడ్డాక ఇంట్లో చిరాకు చాలావరకు పోయింది. బయట మాత్రం పోలేదు, ఎందుకంటే బయటిది చెవి సంగతి కాదు.

నక్కలగుట్ట వైపు చికెన్ సెంటర్ల ముందు నుంచి పోతుంటే వెనక నుంచి వీధికుక్కల గుంపు వచ్చి దాని తొడ కరిచాయి. హార్నెస్‌లో ఉన్న కుక్క పరిస్థితి ఒకసారి ఊహించండి. పారిపోలేదు, ఎందుకంటే మనిషి పట్టుకుని ఉన్నాడు. తిరిగి పోట్లాడలేదు, ఎందుకంటే ఏళ్ల తరబడి పోట్లాడొద్దనే నేర్పారు. అలాంటిది ఒక్కసారి జరిగితే చాలు, తర్వాత కుక్క తనే ముందు పళ్లు చూపించి అవతలివాళ్లని దూరం పెట్టాలని చూస్తుంది. ఇది మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో గైడ్ డాగ్స్ మీద ఇతర కుక్కలు చేసే దాడుల గురించి ప్రత్యేకంగా పరిశోధన చేశారు. గాయం మానాక కూడా మళ్లీ పనిలోకి రాలేని కుక్కలు అక్కడా ఉన్నాయి. మీ తమ్ముడు ఒంటరిగా వెళ్లినప్పుడు ఇలాంటిది ఏదైనా జరిగి, ఇంట్లో కంగారు పడతారని చెప్పలేదేమో నెమ్మదిగా అడగండి.

మన రోడ్ల గురించి ఒక విషయం బయటివాళ్లకి తట్టదు. గైడ్ డాగ్ మనిషికి ఎడమ పక్కన నడుస్తుంది. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎడమ అంచు పట్టుకుని పోవాలని అమెరికాలో నేర్పుతారు. అక్కడ బండ్లు కుడి వైపు నడుస్తాయి కాబట్టి ఎడమ అంచున పోయేవాడికి ఎదురుగా వస్తాయి. ఇక్కడ అదే ఎడమ అంచు పట్టుకుంటే బండ్లు వెనక నుంచి హారన్ కొడుతూ భుజం పక్కనుంచి దూసుకుపోతాయి. పైగా ఎడమ అంచున ఉండేది ఏంటి? మోరి, పార్క్ చేసిన బండ్లు, వాటి కింద పడుకున్న వీధికుక్కలు. అంటే మన కుక్క నేర్చుకున్నది నేర్చుకున్నట్టు తు.చ. తప్పకుండా చేస్తూ నేరుగా వాటి పడకల్లోకి వెళ్తుంది. అవి ఊరుకుంటాయా! దాని తప్పేం లేదు, మ్యాప్ మారింది.

ఇప్పుడు మీ తమ్ముడికి నేరుగా పనికొచ్చేది. కుక్క కరవడానికి ముందు చాలా చెబుతుంది. ఒళ్లు బిగుస్తుంది, నోరు మూస్తుంది, పెదాలు నాకుతుంది, మొహం పక్కకి తిప్పి కళ్ల తెల్లగుడ్డు చూపిస్తుంది, ఆ తర్వాతే గుర్రుమంటుంది. వీటిలో చాలావరకు కంటికి కనిపించేవి, మాకు అందవు. మాకు అందేది హ్యాండిల్. అది బిరుసుగా ఉండేది ఇందుకే, కుక్క భుజాల కదలిక అంతా చేతికి తెలుస్తుంది. నా కుక్క బరువు ముందుకాళ్ల మీదికి పడగానే హ్యాండిల్ కొంచెం పైకి లేచేది, రొప్పడం ఠక్కున ఆగేది. రొప్పుతున్న కుక్క ఒక్కసారిగా నోరు మూసిందంటే ఎండ తగ్గిందని కాదు, ఏదో కనిపెట్టిందని. ఆ క్షణంలో ఆగి, హ్యాండిల్ వదిలి, లీష్ తాడు మాత్రం పట్టుకుని వెనక్కి తిరగాలి. చెయ్యి బిగించి ‘నో, నో’ అని అరిస్తే మన టెన్షన్ కూడా హ్యాండిల్ గుండా దానికి పోతుంది.

కొట్టొద్దనడానికి ముఖ్య కారణం కూడా ఇక్కడే ఉంది. దెబ్బలకి భయం పోదు, గుర్రుమనడం పోతుంది. చూపున్న మనిషికైతే ఒళ్లు బిగుసుకోవడమైనా కనిపిస్తుంది. చూపులేని మనిషికి స్పష్టంగా చెవిన పడే హెచ్చరిక ఆ గుర్రే. దాన్ని కొట్టి మాన్పిస్తే ఇక మీ తమ్ముడి పక్కన నడిచేది చప్పుడు లేకుండా కరిచే కుక్క. మన దగ్గర ట్రైనర్లుగా చెప్పుకునేవాళ్లలో చాలామందికి తెలిసింది కాపలా కుక్కల పని. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, పని వేరు. నాకు తెలిసిన ఒకాయన కూడా నా కుక్కకి ముళ్ల పట్టీ వేసి లాగితే సరిపోతుందన్నాడు, టీ ఇచ్చి పంపేశాను.

మరి చేయాల్సింది ఏంటంటే, స్కూలుకి ఫోన్ చేయడం. కుక్కని ఇచ్చాక కూడా ఫోన్‌లోనో వీడియోలోనో సలహా ఇచ్చే స్కూళ్లు చాలా ఉన్నాయి. కొన్ని కుక్క యాజమాన్యం తమ దగ్గరే ఉంచుకుంటాయి, కాబట్టి ఒప్పందం కాగితాలు ఒకసారి చదవండి, గుర్రుమన్న సంగతి చెప్పి తీరాలన్న నిబంధన ఉండొచ్చు. కుక్కని వెనక్కి తీసుకుంటారేమో అన్న భయంతో దాచకండి.

మా స్కూలువాళ్లు మాతో చేయించింది వినడానికి చాలా తేలిక, చేయడానికి ఓపిక కావాలి. మా చిన్నమామకి హంటర్ రోడ్డు అవతల ఒక ఫంక్షన్ హాల్ ఉంది. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి ఆవరణంతా ఖాళీ, చుట్టూ ప్రహరీ. గేటు అవతల చాలా దూరంలో వీధికుక్కలు తిరుగుతుంటే, లోపల మా మరదలు లీష్ పట్టుకుని, కుక్క వాటిని చూసి కూడా నింపాదిగా ఉన్నంత దూరంలోనే నిలబెట్టి, చూసిన ప్రతిసారీ ఉడికించిన చికెన్ ముక్క పెట్టేది. బిగుసుకుంటే అరవకుండా ఇంకా దూరం జరగడమే. రోజులు గడిచేకొద్దీ గేటుకి దగ్గరగా. ఈ పని మీ తమ్ముడు ఒక్కడే చేయలేడు, కుక్క మొహం చూసి చెప్పే మనిషి పక్కన ఉండాలి. అది మీరే కావొచ్చు. చివర్లోనే హార్నెస్, అదీ తెలిసిన ఒక్క దారిలోనే. మేం పొద్దున్నే నడక మానేశాం. తెల్లవారుజామున రోడ్డు వీధికుక్కలదే, జనం తిరిగే వేళకి అవి కాస్త తగ్గుతాయి. వేసవిలో ఆ వేళకి రోడ్డు కాలుతుంది, అప్పుడు ఆటోనే గతి.

వీధికుక్కల్ని ఏం చేయాలి అంటారా? 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం మున్సిపాలిటీ వాటికి ఆపరేషన్ చేయించి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. అంటే మీ గల్లీ గుంపు మీ గల్లీలోనే ఉంటుంది, కాకపోతే ఆపరేషన్ అయితే పోట్లాటలు కొంత తగ్గుతాయి, టీకా పడితే రేబిస్ భయం తగ్గుతుంది. దరఖాస్తు పెట్టి వెంటపడండి. గేటు ముందే అన్నం పెట్టేవాళ్లెవరైనా ఉంటే ఆ చోటు కాస్త దూరం జరపమని మర్యాదగా అడగండి. మా గల్లీలో ఒక అవ్వ పెట్టేది. చెప్పిన రోజునే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మార్చింది, ఆఫీసులో దరఖాస్తు కంటే అదే ఎక్కువ పనిచేసింది.

పాలబ్బాయి సంగతి తేలిగ్గా తీసుకోకండి. అంబర్‌పేటలో, కాజీపేటలో 2023లో చిన్నపిల్లలు వీధికుక్కల దాడిలో చనిపోయాక మన జనానికి కుక్కంటే ఉన్న భయం ఊరికే వచ్చింది కాదు. గైడ్ డాగ్ అని బోర్డు పెట్టినంత మాత్రాన వాళ్లు నమ్మాలని లేదు. అతనితో మాట్లాడి, పాలు గేటు దగ్గరే తీసుకోండి. ఇంటికి ఎవరు వచ్చినా కుక్క లోపలి గదిలో ఉండాలి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు నోటికి బుట్టలాంటి మజిల్ వేయండి, రొప్పడానికి వీలుండేది, బట్టతో గట్టిగా కట్టేది కాదు. ఒకవేళ పన్ను తగిలితే, కుక్కకి టీకా ఉన్నా సరే, గాయాన్ని ధారగా పారే నీళ్లతో సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుక్కని పది రోజులు గమనించాలి. కుక్కని అదుపులో పెట్టడంలో నిర్లక్ష్యం చేసిన యజమాని మీద భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. యజమానికి చూపు లేదన్నది అక్కడ సాకుగా నిలబడుతుందని నేననుకోను, నిలబడకూడదు కూడా.

చివరికి బాగవుతుందా? కుక్కని బట్టి. నాది రెండు దారుల్లో మళ్లీ చక్కగా పనిచేసింది, ఇంటి నుంచి ఆఫీసు, ఇంటి నుంచి అక్కవాళ్ల ఇల్లు. మండీబజార్ వైపు ఇక తీసుకెళ్లలేదు. మామూలుగా ఎనిమిది, పదేళ్ల వయసులో రిటైర్ చేయాల్సినదాన్ని నేను కొంచెం ముందే చేశాను, ఇప్పుడు అమ్మానాన్నల దగ్గర తిని పడుకుంటుంది. నేను కర్రతోనే తిరుగుతున్నాను. మోకాలి పైన ఉండే అడ్డాలకి ఐఐటీ ఢిల్లీ వాళ్లు తయారుచేసిన స్మార్ట్‌కేన్ బాగా పనికొస్తోంది, లారీ వెనక బయటికి పొడుచుకొచ్చిన ఇనుప కడ్డీల్లాంటివి మామూలు కర్రకి అందవు. నా అభిప్రాయం అడిగితే, వీధికుక్కలు గుంపులుగా తిరిగే మన ఊళ్లలో ఇవాళ్టికి గైడ్ డాగ్ కంటే కర్రే నమ్మకమైనది. ఈ మాటంటే అమెరికాలోని నా మిత్రులు కొట్టడానికి వస్తారు. రానివ్వండి, కాజీపేట చౌరస్తాలో ఒకసారి నడిపిస్తాను.

డాక్టర్ చెవులు చూసి, రక్తపరీక్ష రిపోర్టు వచ్చాక ఏమన్నారో ఇక్కడే రాయండి. స్కూలుకి పంపడానికి వీడియో తీస్తే కుక్క మొహం, తోక రెండూ కనపడేలా పక్క నుంచి తీయండి, మీ తమ్ముడి చెయ్యి హ్యాండిల్ మీద ఎలా ఉందో కూడా అందులో రావాలి. వాళ్లు మొదట అడిగేది అదే.