ముందు తీయాల్సింది బొట్టు కాదు, బాకీల చిట్టా

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "ఇంట్లో నేనొక్కదాన్నే ప్రభువును నమ్ముకున్నాను. మా ఆయన, అత్తగారు నమ్మలేదు. బాప్తిస్మం ఇవ్వాలంటే బొట్టు, పూలు, గాజులు, మెట్టెలు, నగలు, తాళి అన్నీ తీసేసి రావాలని సంఘంలో అంటున్నారు. తీయకపోతే నాలో మార్పు రానట్టేనా? అసలు మార్పు వచ్చిందని ఎలా తెలుస్తుంది?"

సిస్టర్, తీయకపోతే రానట్టు కాదు. తీసినంత మాత్రాన వచ్చినట్టూ కాదు. ఈ షరతు పెట్టేవాళ్లు మీకు చూపించే వాక్యం 1 పేతురు 3:3 అయ్యుంటుంది. జడలు, బంగారు నగలు, వస్త్రాలు మీకు అలంకారం కాకూడదు, సాధువైన మృదువైన గుణమే అలంకారం కావాలి అన్న చోటు. అది చదివించేటప్పుడు రెండు వచనాలు వెనక్కి వెళ్లి 3:1 ఎందుకు చదివించరో అర్థం కాదు. పేతురు అక్కడ మాట్లాడుతున్నది వాక్యానికి లోబడని భర్తలున్న భార్యలతో. అంటే అచ్చంగా మీతోనే. ఆ భర్త వాక్యం వినకపోయినా, భార్య నోరెత్తకుండానే, ఆమె నడవడి చూసి ప్రభువు వైపు రావాలి అన్నది ఆయన ఉద్దేశం. నగల మాట ఆ లోపల వస్తుంది.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి చూడండి. ఒకావిడ ఆదివారం పొద్దున బొట్టు చెరిపి, గాజులు, మెట్టెలు, తాళి తీసి ఇంటికొస్తే ఆమె భర్తకీ అత్తగారికీ కనపడేది సాధుగుణమా? మన దగ్గర అవన్నీ ఒకేసారి తీసేది మొగుడు పోయినప్పుడు. "నా కొడుకు నిక్షేపంలా ఉండగానే ఇదేం అరిష్టం" అని ఆ తల్లి గుండెలు బాదుకుంటే ఆమెది మూర్ఖత్వం అనలేం. భర్తను గెలవడానికి రాసిన వాక్యాన్నే భర్తను దూరం చేయడానికి వాడినట్టవుతుంది.

అక్షరాలా పాటిస్తామనేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఆ పట్టికలో మొదటిది జడ. బొట్టు అసలు లేదు. వస్త్రాలూ ఉన్నాయి, ఆ లెక్కన బట్టలు కూడా కట్టకూడదు. కానీ మందిరంలో ఆడవాళ్లందరూ నున్నగా దువ్వి జడ వేసుకునే వస్తారు, పాస్టరమ్మ గారితో సహా. 1 తిమోతి 2:9 దగ్గరా ఇంతే. జడలు, బంగారం, ముత్యాలు, మిగుల వెలగల వస్త్రాలు అని వరసగా చెప్పడంలో పౌలు తప్పుపట్టింది సంఘంలో డబ్బు ప్రదర్శనను. చెవి దుద్దుల మీద గురిపెట్టిన మాట కాదు. దాని ముందు వచనం, 2:8, మగవాళ్లది: కోపమూ సంశయమూ లేకుండా పవిత్రమైన చేతులెత్తి ప్రార్థించాలి అని. తొమ్మిదో వచనాన్ని బాప్తిస్మానికి షరతు చేసినవాళ్లు ఎనిమిదో వచనాన్ని ఎందుకు చేయలేదు? "ఇంట్లో చెయ్యి చేసుకుంటావా?" అని మగ అభ్యర్థిని అడిగి, ఇంటావిడను కనుక్కుని ఆ తర్వాతే నీళ్లలోకి దించే సంఘాలు నాకు తెలిసి బహు తక్కువ. మగాడికి తెల్ల చొక్కా వేస్తే సరిపోతుంది.

బాప్తిస్మానికి ముందు ఏం చేయాలో బైబిల్లోనే స్పష్టంగా ఉంది, లూకా 3:10-14. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి వచ్చినవాళ్లు ఏం చేయమంటావని అడిగారు. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలన్నాడు. సుంకరులతో, అంటే పన్ను వసూలు చేసేవాళ్లతో, నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దన్నాడు. సిపాయిలతో బెదిరించి గుంజొద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. బట్టల ప్రస్తావన ఉంది గానీ రంగు గురించి కాదు, రెండోది ఎవరికిచ్చావు అని. ఫిలిప్పీ చెరసాల నాయకుడైతే పౌలు సీలల కాళ్లను చెక్క బొండలో బిగించినవాడు. అదే రాత్రి వాళ్ల గాయాలు కడిగాడు, ఆ వెంటనే ఇంటివాళ్లతో కలిసి బాప్తిస్మం పొందాడు. ఆ గాయాలు కడిగిన చేతులు చాలు, ఇంకేం సాక్ష్యం కావాలి?

అందరికీ తెలిసిన జక్కయ్య కథ ఇక్కడ నిదానంగా చదవాలి. సండే స్కూల్లో పొట్టివాడు, మేడిచెట్టు అనేంతవరకే చెప్పి వదిలేస్తారు. యెరికోలో ముఖ్య సుంకరి, ధనవంతుడు. యేసు అతని ఇంట్లో బస చేశాడు. ఆయన అతన్ని ఏం తీయమన్నట్టూ లేదు, ఏం మానమన్నట్టూ లేదు. జక్కయ్యే లేచి నిలబడి లెక్క చెప్పాడు: ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. సంఖ్యాకాండము 5:7 ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు అసలు ఇచ్చి దానిమీద ఐదోవంతు కలిపితే చాలు. నాలుగంతలన్నది నిర్గమకాండము 22:1 లో గొర్రెను దొంగిలించి, చంపేసినా అమ్మేసినా పడే శిక్ష. మన లెక్కలో చెప్పాలంటే వంద రూపాయలు అన్యాయంగా తీసుకున్నవాడు తనంతట తాను ఒప్పుకుంటే నూట ఇరవై కట్టాలి. జక్కయ్య నాలుగు వందలు కడతానన్నాడు. దొంగకు పడే శిక్షను తనకు తానే వేసుకున్నాడన్నమాట. నేడు ఈ ఇంటికి రక్షణ వచ్చింది అని యేసు అన్నది ఆ మాట విన్నాక. అతని అంగీ మారిందో లేదో లూకా రాయలేదు.

మార్పు వచ్చిందని ఎలా తెలుస్తుందన్నారు కదా. ఇక్కడ తెలుస్తుంది. బాప్తిస్మానికి ముందు ఒక నోటుపుస్తకం తీసి మూడు గడులు గీయండి: ఎవరికి, ఏం చేశాను, ఇప్పుడేం చేయగలను. చీటీ పాడుకుని ఎగ్గొట్టిన కిస్తీలు, డ్వాక్రా గ్రూపులో మీ వంతు ఇంకొకరి చేత కట్టించినది, కిరాణా కొట్టు ఖాతా, పనిమనిషికి నాగాల పేరుతో ఎక్కువ కోసిన జీతం, తోడికోడలి మీద చెప్పిన అబద్ధం, అన్నీ రాయండి. డబ్బు విషయమైతే ఐదోవంతు కలపండి, ఐదు వేలకు ఆరు వేలు. ఒకేసారి ఇవ్వలేకపోతే ముందు మనిషిని కలిసి ఏ నెల ఎంత ఇస్తారో చెప్పండి. చెప్పకుండా కూడబెడుతూ కూర్చుంటే ఆ డబ్బు పిల్లల ఫీజుకు పోతుంది. మనిషి చనిపోతే వారసులకు, వారసులు కూడా లేకపోతేనే దేవునికి అని సంఖ్యాకాండము 5:8 వరస చెబుతోంది. చాలామంది ఇక్కడే తప్పుతారు. పక్కింటావిడకు ఇవ్వాల్సినది కానుక పెట్టెలో వేసి మనసు తేలికైందంటారు. ఆ తేలిక పక్కింటావిడకు కలగదు.

మాటతో చేసిన గాయమైతే వెళ్లి ఏం అన్నారో అదే చెప్పి తప్పయిందనాలి. "కానీ నువ్వు కూడా" అని మొదలుపెట్టారా, పాత గొడవ మళ్లీ లేస్తుంది. ఇంకొకరి రహస్యం ముడిపడి ఉన్న సంగతిని మాత్రం మైకు ముందు సాక్ష్యంలో చెప్పకండి, సంబంధించిన మనిషి దగ్గరే ముగించండి. సాక్ష్యం పేరుతో వేరేవాళ్ల పరువు తీసిన సందర్భాలకు లెక్కలేదు. మందిరంలో సౌండ్ బాక్సులకు పెట్టే ఖర్చు చూస్తే ఆ పరువు ఎన్ని వీధులు తిరిగొస్తుందో ఊహించుకోవచ్చు.

అలాగని బయటివేవీ తీయనక్కర్లేదని నేననడం లేదు. తాయెత్తు, దిష్టితాడు, రక్షరేకు, గడపకు కట్టిన గుమ్మడికాయ, ఇవి అందం కోసం పెట్టుకున్నవి కావు. కాపాడతాయని పెట్టుకున్నవి. క్రీస్తు కాపాడతాడని నమ్మినవాళ్లు వీటిని మొదటి రోజే తీసేయాలి. ఎఫెసులో మాంత్రిక విద్య చేసినవాళ్లు తమ పుస్తకాలు తెచ్చి కాల్చేశారు, వాటి ఖరీదు యాభై వేల వెండి రూకలు. కాబట్టి ఒక్కో వస్తువు దగ్గర అడగాల్సింది ఇదీ: దీన్ని నేను నమ్ముకున్నానా, దీంతో గొప్ప చూపిస్తున్నానా, లేక ఇది పెళ్లయిందని చెప్పే గుర్తేనా? గుడిలో ఇచ్చిన కుంకుమ వేరు, ఫ్యాన్సీ షాపులో పది రూపాయల స్టిక్కర్ అట్ట వేరు. ఆ తేడా మీ మనస్సాక్షికి తెలుస్తుంది, పెద్దల కమిటీకి తెలియదు.

బలవంతంగా తీయిస్తే ఏమవుతుందో బయట చూస్తూనే ఉన్నాం. కాలువ గట్టు మీద తెల్లచీర కట్టించి, నుదుటి మీద స్టిక్కర్ పీకిస్తారు. ఏళ్ల తరబడి స్టిక్కర్ ఉన్నచోట చర్మం గుండ్రంగా పాలిపోయి కనిపిస్తుంది. మెట్టెల వేలికి నొక్కు ఉంటుంది, అది నెలలదాకా పోదు. ఆ మచ్చ మాయకముందే చాలామంది పర్సులో స్టిక్కర్ అట్ట పెట్టుకుని తిరగడం మొదలవుతుంది. పుట్టింటి పెళ్లికి వెళ్తూ బస్సులో పెట్టుకోవడం, తిరుగు ప్రయాణంలో తీసేయడం. పెళ్లి ఫోటో ఫేస్‌బుక్‌లో ఎక్కితే పాస్టరు గారి ముందు పంచాయితీ. మనిషి మారలేదు, దాచుకోవడం మాత్రం నేర్చుకుంది. ముట్టవద్దు, రుచి చూడవద్దు అనే నియమాలు జ్ఞానంలా కనిపిస్తాయే గానీ శరీర కోరికలను అదుపు చేయలేవని కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం చివర్లో పౌలు చెప్పింది ఇందుకే.

ఇది మన ఒక్కరి రోగం కాదు. ఇంగ్లండులో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు ఆడంబరం వద్దని సాదా బట్టలు మొదలుపెట్టి, చివరికి అందరూ ఒకే రకం, ఒకే రంగు కట్టాలనేదాకా వచ్చారు. ఆ ఉద్యమానికి తల్లిలాంటి మార్గరెట్ ఫెల్ 1700లో, ఎనభై దాటిన వయసులో, ఇదేం వెర్రి సువార్త అని మండిపడింది. మదురైలో 1606లో అడుగుపెట్టిన ఇటలీ మిషనరీ రాబర్ట్ డి నోబిలి దీనికి తిరగేసి నడిచాడు. కాషాయం కట్టి, గంధం పూసుకుని, మతం మారినవాళ్ల పిలక, జందెం ఉండనిచ్చాడు. గొడవ రోముదాకా పోయి 1623లో పోప్ పదిహేనో గ్రెగొరీ అనుమతించాడు. వేషం ఉండనిస్తే మంచిదే గానీ దానితోపాటు కులమూ లోపలికొచ్చి కూర్చుంది. మన హైదరాబాద్‌లో హెబ్రోను సంఘాన్ని స్థాపించిన సువార్తికుడు భక్తసింగ్ గారి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. సిక్కు కుటుంబంలో పుట్టిన ఆయన లండన్‌లో చదువుకునే రోజుల్లోనే జుట్టు, గడ్డం తీసేశారు. క్రీస్తును నమ్మింది ఆ తర్వాత, 1929లో, కెనడాలోని విన్నిపెగ్‌లో. కత్తెర ముందొచ్చింది, విశ్వాసం తర్వాతొచ్చింది, రెండింటికీ సంబంధమే లేదు.

ఒళ్లు మండే విషయం ఇంకొకటుంది, కట్నం. "విశ్వాసుల సంబంధం కావాలి, అమ్మాయి నగలు పెట్టకూడదు" అంటారు. అదే నోటితో ఎన్ని లక్షలు, ఎన్ని కాసులు అని అడుగుతారు. మెడలో ఉంటే లోకాశ, బీరువాలో ఉంటే ఆశీర్వాదం! పేతురు చెప్పిన బంగారం ఏదో నాకు అనుమానం లేదు. కట్నం తీసుకున్నవాడికి ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) ఇవ్వం అని ఏ సంఘమైనా నియమం పెడితే, ఆ తర్వాత గాజుల గురించి మాట్లాడే హక్కు వస్తుంది.

బొట్టు ఉంచుకున్నవాళ్లందరినీ వేషధారులనడం కూడా తేలికే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. ఆంధ్రలో అలాంటివాళ్లకు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్ మాత్రం ఉంది. పిల్లాడి సీటు, ఉద్యోగం ఎస్సీ కాగితం మీద ఆధారపడిన ఇంట్లో నుదుటి మీద చుక్కకు ఎన్ని లెక్కలున్నాయో బయటివాళ్లకేం తెలుసు? ఆ భయం ఒప్పా తప్పా అన్నది వేరే చర్చ.

మీ విషయానికొస్తే, బాప్తిస్మం సంగతి ముందు మీ ఆయనకు మీ నోటితోనే చెప్పండి, వేరేవాళ్ల ద్వారా తెలియనివ్వకండి. తాళి జోలికి పోవద్దు. అది మీ ఇద్దరి మధ్య గుర్తు. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ మందిరాల్లో సిలువ గుర్తున్న తాళి పాస్టరు గారి ముందే కట్టిస్తారు. తాయెత్తులుంటే తీయండి. బొట్టు గురించి మీ మనస్సాక్షి గుచ్చుతుంటే మానండి, గుచ్చకపోతే ఎవరి కోసమో మానకండి. మీ పాస్టరు గారి దగ్గర కూర్చుని 1 పేతురు 3ను ఒకటో వచనం నుంచి కలిసి చదివి, "అయ్యగారూ, మా ఆయన నా నడవడి చూసి రావాలంటే నేనేం చేయాలి?" అని అడగండి. చాలామంది అక్కడ మెత్తబడతారు. అప్పటికీ షరతు సడలకపోతే ఆ షరతు లేని సంఘాలు బాప్టిస్టుల్లో, సీఎస్‌ఐలో చాలానే ఉన్నాయి. అక్కడ తీసుకున్న బాప్తిస్మం కూడా తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలోదే.

ఇప్పటికే అన్నీ తీసేసి, ఇంట్లో గొడవ పడుతున్నవాళ్లు మళ్లీ పెట్టుకోవచ్చా అని ఇంకొకరు అడిగారు. గాజులు, మెట్టెలు, తాళి నిక్షేపంగా పెట్టుకోవచ్చు. సంఘంలో ఎవరైనా వెనక్కి జారిపోయావని అంటే రోమా 14 తీసి చూపించండి, అది తినేవాడూ తిననివాడూ ఒకరినొకరు తీర్పు తీర్చవద్దని రాసిన అధ్యాయం.