పాత ఎల్‌సీడీ మానిటర్ వెంటనే ఆన్ అవ్వట్లేదు, పవర్ లైటు ఆరుతూ వెలుగుతోంది: బాగు చేసుకోవచ్చా?

మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే ఆ మానిటర్‌ను పారేయాల్సిన పని లేదండి. నాన్నగారి జిరాక్స్ షాపులో వాడుతున్న 19 అంగుళాల పాత ఎల్‌సీడీ అన్నారు. స్విచ్ వేయగానే ముందున్న చిన్న లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, పావుగంట అలాగే వదిలేస్తే దానంతటదే బొమ్మ వస్తుంది, వచ్చాక సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండదు, చలికాలం పొద్దున్నే మరీ మొండికేస్తుంది. మెకానిక్ చూసి పవర్ బోర్డు పోయింది, దీని మీద డబ్బులు పెట్టే బదులు కొత్తది కొనుక్కోమన్నాడు. మీకు సోల్డరింగ్ కాస్త వచ్చు కాబట్టి సొంతంగా చేయొచ్చా అని అడిగారు.

చేయొచ్చు. మా ఊరి హైస్కూలు కంప్యూటర్ గదిలో మూలన పడేసిన ఇలాంటి మానిటర్లను ఖాళీ దొరికినప్పుడల్లా విప్పి చూస్తుంటాను. వాటిలో చాలావరకు పోయింది కెపాసిటర్లే, అంటే పవర్ బోర్డు మీద చార్జిని నిల్వ చేసే చిన్న డబ్బాల్లాంటి భాగాలే. ప్యానెల్ బాగుంటుంది, మెయిన్ బోర్డు బాగుంటుంది, రెండు మూడు కెపాసిటర్ల కోసం మొత్తం మానిటర్ పాత సామాన్లవాడి తోపుడు బండి ఎక్కుతుంది. అది నాకు ప్రాణం ఒప్పని విషయం. మార్చిన కెపాసిటర్లన్నిటికీ కలిపినా ఒక్కో మానిటర్‌కు వంద రూపాయలు దాటలేదు.

ముందు మీ మానిటర్ ఎందుకలా చేస్తోందో చెప్తాను, అది తెలిస్తే ఏం మార్చాలో మీకే అర్థమవుతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అంటే లోపల అల్యూమినియం రేకుల చుట్ట, వాటి మధ్య ద్రవంలో తడిపిన కాగితం. ఏళ్ల తరబడి వేడికి ఆ ద్రవం ఆరిపోతూ ఉంటుంది. ఆరేకొద్దీ దాని లోపలి నిరోధం, అంటే మీటర్లలో ఈఎస్ఆర్ అని చూపించేది, పెరుగుతుంది. అప్పుడు 5 వోల్టులు నిలకడగా రావాల్సిన చోట వోల్టేజీ ఎగుడుదిగుడుగా వస్తుంది. సప్లై లేవబోయి పడిపోతుంది, మళ్లీ లేవబోతుంది. మీరు చూస్తున్న లైటు ఆరడం వెలగడం అదే. చెవి దగ్గర పెట్టి వింటే వెనక నుంచి టిక్ టిక్ అని సన్నటి చప్పుడు కూడా వినిపించొచ్చు. కాసేపటికి లోపల వేడెక్కితే మిగిలిన ద్రవంలో నిరోధం తగ్గి సప్లై నిలబడుతుంది. చలిలో ఎక్కువ సతాయించడానికి, ఒకసారి వెలిగాక బాగానే ఉండడానికి కారణం ఇదే. నేను మీ ప్రశ్న చదవగానే కెపాసిటర్లే అనుకోవడానికీ ఇదే కారణం.

దీనికి తోడు 2000 తర్వాత కొన్నేళ్లపాటు మార్కెట్లోకి నాసిరకం ద్రవం పోసిన కెపాసిటర్లు కుప్పలుగా వచ్చాయి. ఆ ద్రవం అల్యూమినియంతో చర్య జరిపి హైడ్రోజన్ వాయువు పుట్టేది, డబ్బా ఉబ్బేది. మదర్‌బోర్డులు, మానిటర్లు, పవర్ సప్లైలు ప్రపంచమంతా దీనివల్ల పాడయ్యాయి. మీది ఆ కాలపు మానిటర్ అయితే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. దయచేసి దీన్ని తొందరగా చదివి దాటేయకండి. పవర్ బోర్డు మీద బొటనవేలంత లావున ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది, దాని మీద 400 లేదా 450 వోల్టులు అని రాసి ఉంటుంది. మన ఇంట్లో 230 వోల్టుల ఏసీ డీసీగా మారి దాని మీద దాదాపు 325 వోల్టులుగా నిలుస్తుంది. ప్లగ్ పీకేశాక కూడా ఆ చార్జి ఉంటుంది. బాగా పనిచేసే బోర్డు అయితే ఆ చార్జిని తనే వాడేసుకుని త్వరగా ఖాళీ చేస్తుంది. చెడిపోయి ఆడని బోర్డులో మాత్రం వాడుకునేవాళ్లు లేక అది చాలాసేపు అలాగే కూర్చుంటుంది. అంటే చచ్చిపడి ఉన్న బోర్డే ఎక్కువ ప్రమాదం. ఆ షాక్ ప్రాణం తీయగలదు.

అందుకని ప్లగ్ పీకి, కేబుల్ కూడా మానిటర్ నుంచి తీసేసి, కనీసం అరగంట ఆగండి. విప్పాక బోర్డును అంచులు పట్టుకుని తిప్పండి. మల్టీమీటర్‌ను డీసీ 600 లేదా 1000 వోల్టుల రేంజిలో పెట్టి ఆ పెద్ద కెపాసిటర్ రెండు కాళ్ల మీద చూడండి. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని ఒక్క చేత్తోనే ప్రోబ్ పెట్టడం అలవాటు చేసుకోండి. నల్ల ప్రోబ్‌కు మొసలి క్లిప్పు ఉంటే మంచిది. 10 వోల్టుల కన్నా ఎక్కువ చూపిస్తే ఖాళీ చేయాలి. దానికి నేను హోల్డర్‌కు బిగించిన 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు వాడతాను. దాని రెండు తీగల చివరలు, ఇన్సులేషన్ ఉన్న చోట పట్టుకుని, కెపాసిటర్ కాళ్లకు తాకిస్తే చార్జి దిగిపోతుంది. తర్వాత మళ్లీ మీటర్ పెట్టి చూడాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే పద్ధతి చాలామంది చేస్తారు, మీరు చేయకండి. నిప్పురవ్వ లేచి కళ్లలో పడొచ్చు, బోర్డు మీద రాగి గీత కాలిపోవచ్చు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

ఇంకో మాట. ఇదంతా పలచటి ఎల్‌సీడీల గురించే. ఇంట్లో వెనక డొప్ప ఉన్న పాత సీఆర్‌టీ మానిటర్ కూడా ఉంటే దాని జోలికి వెళ్లకండి. దాని పిక్చర్ ట్యూబ్ మీద వేల వోల్టులు ఉంటాయి, అది నేర్చినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన పని.

విప్పడం కష్టమేమీ కాదు గానీ ఓపిక కావాలి. మెత్తటి దుప్పటి మీద స్క్రీన్ కిందికి పెట్టి, స్టాండు స్క్రూలు తీసి, ముందు చట్రానికి వెనక డొప్పకు మధ్య సందులో పాత ఏటీఎం కార్డు దూర్చి లాక్కుంటూ వెళితే క్లిప్పులు టక్ టక్ మని వదులుతాయి. స్క్రూడ్రైవర్ దూరిస్తే ప్లాస్టిక్ విరుగుతుంది. లోపల రేకు డబ్బాలో ఉన్న బోర్డుకు ఒక పక్కన బ్యాక్‌లైట్ ట్యూబుల తీగలు, సాధారణంగా నాలుగు, ప్లగ్గులతో ఉంటాయి. ఏది ఎక్కడ ఉందో, కెపాసిటర్లు ఏ వైపు తిరిగి ఉన్నాయో అన్నీ సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాకే చెయ్యి పెట్టండి.

ఇక చూడాల్సింది కెపాసిటర్ల తలలు. మంచి కెపాసిటర్ పైభాగం చదునుగా, ప్లస్ ఆకారపు గీతలతో ఉంటుంది. చెడిపోయినదాని మీద ఆ గీతల దగ్గర లోహం పైకి పొంగి ఉంటుంది, కొన్నిటికి గీత విచ్చుకుని గోధుమరంగు పొక్కు కట్టి ఉంటుంది. వేలితో రాస్తే తెలుస్తుంది, కళ్లు పసిగట్టలేని కొద్దిపాటి ఉబ్బు కూడా వేలికి దొరుకుతుంది. కొన్ని పైకి ఉబ్బకుండా కింద రబ్బరు బిరడాను బయటికి నెడతాయి, అప్పుడు కెపాసిటర్ బోర్డు మీద కాస్త వంగి నిలబడినట్టుంటుంది. అడుగున పసుపు లేదా గోధుమరంగు పదార్థం కనిపిస్తే అదంతా లీకేజీ అనుకోకండి, కంపెనీలో కదలకుండా పెట్టే జిగురు కూడా అలాగే ఉంటుంది. అయితే ఆ జిగురు ముదురు గోధుమరంగుకు తిరిగితే కరెంటు పారే గుణం వస్తుంది, కాబట్టి మార్చేటప్పుడు గీకి తీసేయండి.

ఉబ్బినవి మాత్రమే మార్చి వదిలేయడం చాలామంది మెకానిక్‌లు చేసే పని. ఈ విషయంలో నేను గట్టిగా చెప్తాను: విప్పిన బోర్డు మీద సెకండరీ వైపు, అంటే తక్కువ వోల్టేజీ బయటికి వచ్చే వైపు, ఉన్న ఎలక్ట్రోలిటిక్‌లు అన్నీ మార్చండి, వాటితో పాటు పెద్ద కెపాసిటర్ దగ్గర్లో కంట్రోల్ ఐసీ (సప్లైని నడిపించే చిప్పు) పక్కనుండే బుడ్డ కెపాసిటర్‌ను తప్పకుండా మార్చండి. అది 22 లేదా 47 మైక్రోఫారడ్ (ఎంత చార్జి పట్టగలదో చెప్పే కొలత), 50 వోల్టులది అయ్యుంటుంది. ఐసీ మేల్కొనడానికి కావాల్సిన మొదటి కరెంటును ఇచ్చేది అదే. తరచుగా వేడి హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) పక్కనే ఉంటుంది, మానిటర్ స్టాండ్‌బైలో ఉన్నా పనిచేస్తూనే ఉంటుంది. చిన్నది కాబట్టి ఉబ్బదు, లోపలే ఎండిపోతుంది. స్కూల్లో ఒక మానిటర్‌కు అంతకుముందే ఎవరో పెద్ద కెపాసిటర్లన్నీ కొత్తవి వేసి ఉన్నారు, అయినా టిక్ టిక్ మంటూ ఉండిపోయింది. బోర్డు మీద చూడ్డానికి ఒక్క లోపం లేదు. ఆ బుడ్డదాన్ని పీకి మీటర్ మీద పెడితే 22 మైక్రోఫారడ్ అని రాసున్నది 3 చూపించింది. కొత్తది వేయగానే స్క్రీన్ వెలిగింది. అప్పటి నుంచి నేను ముందు దాన్నే చూస్తాను.

కొనేటప్పుడు మైక్రోఫారడ్ విలువ పాతదానంతే ఉండాలి, వోల్టేజీ పాతదానంత లేదా ఒక మెట్టు ఎక్కువ. 1000 మైక్రోఫారడ్ 10 వోల్టుల చోట 16 వోల్టులది, 25 వోల్టుల చోట 35 వోల్టులది వేయొచ్చు. తక్కువ వోల్టేజీది ఎప్పుడూ వేయకండి. 105 డిగ్రీలది, లో ఈఎస్ఆర్ రకం అడగండి. 85 డిగ్రీలది కూడా పనిచేస్తుంది గానీ ఎక్కువ కాలం ఉండదు. కెపాసిటర్ చుట్టూ వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందనేది ఈ రంగంలో అందరూ నమ్మే లెక్క. పాతదాని ఎత్తు, లావు కూడా కొలుచుకుని వెళ్లండి, పొడుగెక్కువైతే రేకు డబ్బాకు తగులుతుంది. హైదరాబాద్ దగ్గరైతే కోఠిలో గుజరాతీ గల్లీకి పాత ముక్కలు చేత్తో పట్టుకెళ్లి చూపించడం నయం. నిచికాన్, రూబికాన్, ప్యానసోనిక్ పేర్లతో నకిలీలు కూడా తిరుగుతుంటాయి, మరీ చవకగా, మరీ తేలిగ్గా ఉంటే తీసుకోకండి. పాత కంప్యూటర్ సప్లైల నుంచి పీకినవి వేయొద్దు, వాటి వయసు కూడా దీనంతే.

పీకేటప్పుడు 25 లేదా 35 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. పాత సోల్డర్ త్వరగా కరగదు, దాని మీద కొంచెం కొత్త సోల్డర్ పెడితే దిగుతుంది. ఒక కాలు వేడి చేసి అవతలికి కాస్త వంచడం, తర్వాత రెండో కాలు, అలా మార్చి మార్చి చేస్తే ఊడి వస్తుంది. బలవంతంగా లాగితే బోర్డు మీదున్న రాగి బిళ్ల లేచిపోతుంది. కొత్తది పెట్టేటప్పుడు ఒంటి మీద చార ఉన్న కాలు మైనస్ అని గుర్తుంచుకోండి. బోర్డు మీద గుర్తులు కంపెనీని బట్టి మారుతుంటాయి, అందుకే ఫొటోను నమ్మండి. తిరగేసి పెడితే కెపాసిటర్ పేలుతుంది.

మొదటిసారి నేరుగా కరెంటు ఇవ్వకండి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బును ఫేజ్‌తో సిరీస్‌లో, అంటే కరెంటు ఆ బల్బు గుండానే మానిటర్‌కు వెళ్లేలా, పెట్టి, అంతా తిరిగి బిగించాక, దూరంగా నిలబడి స్విచ్ వేయండి. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే షార్ట్ లేదని అర్థం, అప్పుడు బల్బు తీసేసి నేరుగా ఇవ్వొచ్చు. బల్బు పూర్తి వెలుగుతో అలాగే ఉండిపోతే వెంటనే ఆపేయాలి, ఎక్కడో షార్ట్ ఉంది.

ఫ్యూజ్ నల్లగా మాడి పోయి ఉంటే మాత్రం కథ వేరు. కొత్త ఫ్యూజ్ వేస్తే అదీ పోతుంది. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి డయోడ్లు గానీ, కరెంటును వేగంగా ఆన్ ఆఫ్ చేసే మోస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్ గానీ షార్ట్ అయి ఉంటాయి. అప్పుడు బోర్డు మీదున్న నంబరు రాసుకుని అదే నంబరు సెకండ్ హ్యాండ్ బోర్డు వెతకడం తేలిక. మీ మానిటర్ చివరికి వెలుగుతోంది కాబట్టి మీకు ఆ సమస్య ఉన్నట్టు లేదు.

కెపాసిటర్లు మార్చాక బొమ్మ ఒకటి రెండు సెకన్లు వచ్చి ఆరిపోతుంటే, గది చీకటి చేసి స్క్రీన్ మీద టార్చి వేసి చూడండి. లోపల మసగ్గా ఐకాన్లు కనిపిస్తే పవర్ కాదు, బ్యాక్‌లైట్ ట్యూబు గానీ దాన్ని వెలిగించే ఇన్వర్టర్ సర్క్యూట్ గానీ పోయింది. ఆన్‌లో ఉండగా ఆ వైపు చెయ్యి పెట్టకండి, అక్కడ వోల్టేజీ వందల్లో మొదలై వెయ్యి దాటుతుంది. ఆ ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, పగలకుండా చూసుకోండి. అక్కడిదాకా వస్తే ఎల్‌ఈడీ స్ట్రిప్ కిట్ వేయించుకోవచ్చు గానీ ప్యానెల్ విప్పాల్సిన పని కాబట్టి దాన్ని అలవాటున్నవాళ్లకు ఇవ్వడమే మంచిది.

బాగుపడ్డాక ఇంట్లోనే రెండు మూడు గంటలు నడిపి చూసి, పూర్తిగా చల్లారాక మళ్లీ ఆన్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు మొదటి నొక్కుకే వెలిగితే షాపుకు తీసుకెళ్లొచ్చు. అక్కడ రాత్రిపూట ముందున్న బటన్‌తో ఆపి వదిలేయకుండా గోడ స్విచ్ కూడా తీసేయమని నాన్నగారికి చెప్పండి, వెనక గాలి ఆడే రంధ్రాలకు కాగితం కట్టలు ఆనకుండా జరపండి. జిరాక్స్ షాపుల్లో నేను ఎక్కువగా చూసేది అదే.