కీమో రోజుల్లో జ్వరం వస్తే రేపటిదాకా ఆగకు

చి. సౌ. సుధకు,

అమ్మకు క్యాన్సర్‌కిచ్చే కీమో మొదటిది అయిందని, వాంతులు కాస్త తగ్గాయని చెప్పావు, సంతోషం. అయితే అసలు కనిపెట్టుకుని ఉండాల్సిన రోజులు ఇకమీదటే. కీమో ఎక్కించిన వారం నుంచి రెండు వారాల మధ్య, ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పటికి మనిషి లేచి తిరుగుతుంటుంది, అన్నం సయిస్తుంది. దాంతో ఇంట్లోవాళ్లకు ధీమా వచ్చేస్తుంది. మీ పెదనాన్నకు జ్వరం అలాంటి రోజుల్లోనే, అదీ అర్ధరాత్రి వచ్చింది.

డిజిటల్ థర్మామీటర్ ఒకటి మంచం పక్కనే ఉంచు. నుదుటిమీద చెయ్యి వేసి చూస్తే సరిపోదు. వేడివేడి కాఫీ తాగితే పావుగంట ఆగి నోట్లో పెట్టు. చంకలో పెడితే కాస్త తక్కువ చూపిస్తుంది. 100.4 వచ్చిందంటే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. మీ డాక్టరుగారు వేరే అంకె చెప్పి ఉంటే అదే లెక్క.

మన ఇళ్లలో జ్వరమనగానే చెయ్యి డోలో మీదకే పోతుంది. డాక్టరును అడగకుండా వేయకు. అది వేస్తే థర్మామీటర్‌లో అంకె దిగుతుంది గానీ లోపలి ఇన్ఫెక్షన్ అలాగే ఉంటుంది. తెల్లకణాలు లేనప్పుడు చీము పట్టడం, ఎర్రబడటం లాంటివి పెద్దగా కనబడవు. ఒక్కోసారి జ్వరమే ఏకైక గుర్తు, దాన్నీ మనమే చెరిపేస్తే ఎలా? బ్రూఫెన్, ఆస్పిరిన్ అసలు వద్దు, ప్లేట్‌లెట్లు తక్కువుంటే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. వీధి చివర ఆర్‌ఎంపీ మంచివాడే, కాదనను. కానీ ఆయన చేత సూది మాత్రం వేయించకు.

జ్వరం లేకపోయినా చలితో వణికినా, మాట తడబడినా, మరీ నీరసించినా బయల్దేరాల్సిందే. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే జ్వరం బయటపడకపోవచ్చు. తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ వల్ల కూడా ఒళ్లు వెచ్చబడొచ్చు. అయినా ఇది దానివల్లేనని ఇంట్లో కూర్చుని మనం తేల్చకూడదు.

మీరుండేది కందుకూరు, కీమో హైదరాబాదులో. నాకు టెన్షన్ అంతా ఇక్కడే. రాత్రి జ్వరం వస్తే అంత దూరం పోవడం కుదరదు. దగ్గరలో ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఇప్పుడే డాక్టరుగారిని అడిగి ఒక చీటీ రాయించుకో. వార్డు ఫోన్ నెంబరు, ఏ మందు ఏ తేదీన ఎక్కించారో ఉన్న కాగితం, చివరి రక్తపరీక్ష, ఆరోగ్యశ్రీ కార్డు ఒకే సంచిలో పెట్టు. క్యాజువాలిటీలో అడుగు పెట్టగానే "కీమో పేషెంటు, జ్వరం" అని గట్టిగా చెప్పు. టోకెన్ తీసుకుని వరసలో కూర్చోవద్దు. రక్తం తీసి, గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. మొహమాటపడితే ఆ గంట కాస్తా పోతుంది.

పరామర్శకు వచ్చేవాళ్లలో జలుబున్నవాళ్లను లోపలికి రానివ్వకు. కోపం వస్తే రానీ, నామీద పెట్టెయ్.

రాత్రిపూట పిలిస్తే వచ్చే కారు ఎవరిదో ఈరోజే మాట్లాడి ఉంచు. దొరక్కపోతే 108. నాకు ఆసుపత్రి చేరాక ఫోన్ చేసినా చాలు.

మీ పెద్దమ్మ