ఆనెకాయకు పట్టీ వేసి మూడు వారాలు ఆగారా?

ప్రశ్న: నా వయసు 58. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయి. విటమిన్ మాత్రలతో తగ్గుతుందా? బొటనవేలి కింద ఆనెకాయకు మందుల షాపులో కార్న్ క్యాప్ కొని వేసుకున్నాను. చర్మం ఊడి మూడు వారాలుగా తడిగా ఉంటోంది. నొప్పి మాత్రం లేదు.

జవాబు: మంటల సంగతి తర్వాత చూద్దాం. నొప్పి లేదన్నారే, నాకు భయం అక్కడే. చర్మం ఊడిన చోట నొప్పి ఉండాలి. లేదంటే పాదంలో నరాలు మొద్దుబారి ఉండవచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, అది పుండే అనుకుని ఒకటి రెండు రోజుల్లోనే డాక్టరుకు చూపించండి. చుట్టూ ఎర్రబడినా, వాచినా, దుర్వాసన వచ్చినా, నల్లబడినా, జ్వరం తగిలినా అదే రోజు వెళ్లాలి.

కార్న్ క్యాప్‌లో ఉండేది చర్మాన్ని కరిగించే సాలిసిలిక్ ఆమ్లం. ఆనెకాయ ఏదో, మంచి చర్మం ఏదో దానికి తెలియదు. స్పర్శ ఉన్నవారు చురుక్కుమనగానే పీకేస్తారు, మీకు ఆ చురుకే తెలియలేదు. షుగర్ ఉన్నవారు డాక్టరును అడగకుండా దీన్ని వాడకూడదు. బ్లేడుతో చెక్కుకోవడమూ అంతే. అసలు ఆనెకాయ వచ్చిందంటేనే అక్కడ ఒత్తిడి ఎక్కువ పడుతోందని అర్థం. పైన గట్టిగా ఉన్నా లోపల పుండు దాగి ఉండవచ్చు. పన్నెండేళ్లుగా షుగర్‌తో ఉన్న మీరు మూడు వారాలు ఆగడం తప్పే, ఏమీ అనుకోకండి.

డాక్టరు 10 గ్రాముల ఒత్తిడినిచ్చే నైలాన్ పోగుతో స్పర్శ చూస్తారు, పాదం మీద నాడి పట్టి చూస్తారు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే పరీక్షలో 0.9 కన్నా తక్కువ వస్తే రక్తప్రసారం తగ్గినట్టే. షుగర్‌లో రక్తనాళాలు గట్టిపడి ఈ అంకె బాగున్నట్టు కనిపించవచ్చు కనుక రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ పరీక్ష కూడా అవసరం కావచ్చు. ఎముకకు సోకిందేమోనని ఎక్స్‌రే తీస్తారు. పొగతాగే అలవాటు, కిడ్నీ జబ్బు, పాత పుండ్లు ఉంటే తప్పక చెప్పండి.

చికిత్సలో చచ్చిన చర్మం తీసేయడం, డ్రెస్సింగ్ మామూలే. అందరూ తేలిగ్గా తీసుకునేది పుండు మీద బరువు పడకుండా చూడటం. దాని మీదే నడుస్తుంటే ఏ మందూ మాన్పలేదు. యాంటీబయాటిక్ ఇన్ఫెక్షన్ ఉంటేనే. ఇంట్లో మిగిలిన మాత్రలు మింగవద్దు.

ఇక మంటలు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే విటమిన్ బీ12 పరీక్ష చేయించాలి, లోపం ఉంటేనే ఆ మాత్రలతో ప్రయోజనం. నరాల మంటకు వేరే మందులున్నాయి, కిడ్నీల పనితీరు చూసి మీ డాక్టరే రాయాలి. అంతవరకు కాళ్లకు వేడినీళ్ల కాపడం వద్దు, కాలినా మీకు తెలియదు.

వెళ్లేటప్పుడు రోజూ తొడిగే చెప్పులే వేసుకెళ్లండి. లోపలి అట్ట ఎక్కడ నలిగిందో చూస్తే బరువు ఎక్కడ పడుతోందో డాక్టరుకు తెలుస్తుంది.