నాలుగు పిస్టన్ల కాలిపర్ వేస్తే బ్రేక్ పెడల్ గట్టిపడుతుందా?

మీ పాత పోలోలో పెడల్ మెత్తగా ఉంది, బాగా లోపలికి పోతే గానీ బ్రేక్ పట్టడం లేదు. ముందు చక్రాలకు నాలుగు పిస్టన్ల ఫిక్స్‌డ్ కాలిపర్లు (డిస్క్‌ని రెండు వైపులా ప్యాడ్లతో నొక్కి పట్టే భాగాలు) వేయిస్తే ఈ జబ్బు కుదురుతుందా అని అడిగారు. కుదరదనే అంటాను. ఒకవేళ కుదిరినా, అది చాలావరకు బిగించేటప్పుడు కొత్త బ్రేక్ ఆయిల్ పోసి, కొత్త ప్యాడ్లు వేసి, ఆయిల్ పైపుల్లో చేరిన ఎయిర్ శుభ్రంగా తీసినందువల్లే. ఆ పని పాత కాలిపర్ల మీదా చేయించుకోవచ్చు.

మన హ్యాచ్‌బ్యాక్‌లలో ఉండేది ఫ్లోటింగ్ కాలిపర్. లోపలివైపు ఒకటే పిస్టన్. అది లోపలి ప్యాడ్‌ని డిస్క్ మీదికి తోస్తుంది. ఆ తోపుకి కాలిపర్ బాడీ గైడ్ పిన్నుల మీద వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కొస్తుంది. ఫిక్స్‌డ్ కాలిపర్ కదలదు, రెండు వైపులా పిస్టన్లుంటాయి. చూడగానే నాలుగు పిస్టన్లంటే నాలుగింతల పట్టు అనిపిస్తుంది. లెక్క వేరు. ఫిక్స్‌డ్ కాలిపర్‌లో నొక్కే బలానికి ఒక వైపు పిస్టన్ల వైశాల్యమే లెక్కలోకి వస్తుంది, ఎదుటివి దానికి ఎదురు నిలబడే పని చేస్తాయి.

54 మి.మీ. సింగిల్ పిస్టన్ వైశాల్యం సుమారు 2290 చదరపు మి.మీ. నాలుగు పిస్టన్ల కాలిపర్‌లో ఒక్కోటి 38 మి.మీ. అనుకుంటే, ఒక వైపు రెండూ కలిపి 2268. అంటే అదే పెడల్, అదే ఆయిల్ ప్రెషర్ అయితే నొక్కే బలం ఇంచుమించు సమానం. కావాల్సిన ఆయిల్ కూడా అంతే: ఫ్లోటింగ్‌లో ఒక పిస్టన్ రెండు వైపుల ఖాళీనీ పూడ్చాలి, ఫిక్స్‌డ్‌లో ఒక్కో వైపు పిస్టన్లు తమ వైపు ఖాళీ పూడిస్తే చాలు. బీఎండబ్ల్యూ ఈ92 ఎం3 నాలుగు వందల పైచిలుకు హార్స్‌పవర్ కారు. దానికి ముందు 360 మి.మీ. డిస్క్, సింగిల్ పిస్టన్ ఫ్లోటింగ్ కాలిపర్ వేసి అమ్మారు.

ఇక పెడల్ సంగతి. పెడల్ ఎంత లోపలికి పోవాలి, ఎంత బలంగా తొక్కాలి అనేది మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని కాలిపర్లకి తోసే పంపు) వైశాల్యానికీ కాలిపర్ పిస్టన్ వైశాల్యానికీ ఉన్న నిష్పత్తి తేలుస్తుంది. మా బావమరిది తన కారుకి పెద్ద కాలిపర్ల కిట్ వేయించాడు. పాత పిస్టన్ 54, కొత్తవి ఒక వైపు రెండేసి 42 మి.మీ. అంటే 2770 చదరపు మి.మీ., పాతదానికంటే 21 శాతం ఎక్కువ. గట్టి పెడల్ కోసం డబ్బు పోస్తే ఇంకా మెత్తటి పెడల్ వచ్చింది! బ్రేక్ తక్కువ బలానికే పడుతోంది, కానీ కాలు మాత్రం ఇంకాస్త కిందికి పోవాలి. మెకానిక్ ఎయిర్ ఉందంటూ పదే పదే బ్లీడింగ్ (ఆయిల్ వదులుతూ ఎయిర్ తీయడం) చేశాడు. ఎయిర్ లేదు. కాలిపర్లు ఆయిల్ ఎక్కువ అడుగుతున్నాయి, మాస్టర్ సిలిండర్ మాత్రం పాతదే.

మరి మాస్టర్ సిలిండర్ మార్చేస్తే? 20.6 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్నది తీసి 22.2 వేస్తే అదే తొక్కుడికి 16 శాతం ఆయిల్ ఎక్కువ పోతుంది, పెడల్ పైనే పట్టుకుంటుంది, గట్టిగా ఉంటుంది. కానీ అదే బలంతో తొక్కితే ప్రెషర్ 14 శాతం తగ్గుతుంది. అంటే గట్టి పెడల్ అంత మాత్రాన మంచి బ్రేక్ కాదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: కాలికి గట్టిగా తగిలితే బండి బాగా ఆగుతోందని నమ్మేస్తారు.

మీ కారులో ముందు చూడాల్సింది ఇది. బండి నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్ నాలుగైదు సార్లు గబగబా తొక్కండి. తొక్కేకొద్దీ పెడల్ పైకి వస్తుంటే లోపల ఎయిర్ ఉన్నట్టు, లేదా వెనక డ్రమ్ బ్రేకుల్లో షూ (డ్రమ్‌ని లోపలినుంచి ఒరుసుకుని ఆపే భాగం) వదులై ఉన్నట్టు. రెండోది ఎవరూ పట్టించుకోరు. హ్యాండ్‌బ్రేక్ చాలా పైకి లాగితే గానీ పట్టకపోతే ముందు వెనక డ్రమ్‌లు విప్పించండి; షూ అడ్జస్ట్ చేయగానే పెడల్ పైకొచ్చిన కార్లు నేను చూశాను. ఒకే బలంతో తొక్కి పట్టి ఉంచినా పెడల్ నెమ్మదిగా కిందికి జారుతుంటే మాస్టర్ సిలిండర్ సీల్స్ మీద అనుమానపడాలి, లేదా ఎక్కడో లీకుంది. ఇది వెంటనే చూపించుకోవాల్సిన పని.

నా స్విఫ్ట్‌లో దొరికింది గైడ్ పిన్నుల దగ్గర. ఒక పిన్ను రబ్బరు బూటు చిరిగి, లోపల గ్రీజు గోధుమరంగు మైనంలా గడ్డకట్టింది. లోపలి ప్యాడ్ ఇనుప ప్లేటు దాకా అరిగిపోయింది, బయటి ప్యాడ్ దాదాపు కొత్తదానిలా ఉంది. కాలిపర్ జరగడమే మానేసింది కాబట్టి తొక్కిన బలంలో కొంత దాన్ని వంచడానికే పోయేది. పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకని అమ్మే సిలికోన్ గ్రీజు పూసి (మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బుతుంది), కొత్త ప్యాడ్లు, స్టీలు అల్లిక హోస్ పైపులు, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ వేయించాను. మొత్తం కలిపి కిట్ ధరలో పదో వంతు కూడా కాలేదు. హోస్ మీద అనుమానం ఉంటే, ఒకరు పెడల్ తొక్కుతుండగా పాత రబ్బరు పైపు మీద చేయి వేసి చూడండి, ఉబ్బడం వేళ్లకి తెలుస్తుంది.

ఫిక్స్‌డ్ కాలిపర్ ఉత్త ఆర్భాటం అని అనడం లేదు. పిన్నుల గొడవ ఉండదు, పెద్ద ప్యాడ్ పడుతుంది, ప్యాడ్లు సమానంగా అరుగుతాయి, సగం తొక్కిన పెడల్‌తో బ్రేక్‌ని కొలిచి వేయడం తేలిక. ట్రాక్ మీద ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కానీ రేసింగ్ కోసం చేసిన వాటిలో చాలావాటికి డస్ట్ బూట్లు ఉండవు. మన దుమ్ములో, వానాకాలం బురదలో రోజూ తిప్పే బండికి అవి వద్దు. వీల్ బేరింగ్‌లో కొంచెం ఆట ఉన్నా డిస్క్ అటూ ఇటూ కొట్టి పిస్టన్లని వెనక్కి తోసేస్తుంది. తర్వాత మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ ఖాళీగా పోతుంది, గుండె జారుతుంది.

ఘాట్‌లో భయమేసి అడుగుతున్నారా? తిరుమల నుంచి దిగేటప్పుడు పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలాయి. పెడల్ మెత్తబడి కిందికి పోతే ఆయిల్ మరిగింది. మొదటిదానికి మంచి ప్యాడ్లు, పెద్ద డిస్క్ మందు. రెండోదానికి కొత్త ఆయిల్: డాట్ 4 కనీస మరుగు స్థానం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీలు, నీరు పీల్చాక 155కి పడిపోవచ్చు. రెండింటికీ చవకైన మందు సెకండ్ గేర్‌లో దిగడం.

అయినా అప్‌గ్రేడ్ కావాలంటే నా ఓటు పెద్ద డిస్క్‌కే, పిస్టన్ సైజు మార్చకుండా. ఐదో తరం గోల్ఫ్ జీటీఐలో 312 మి.మీ. డిస్క్ మీద 54 మి.మీ. సింగిల్ పిస్టనే ఉంది. డిస్క్ పెరిగితే అదే ప్రెషర్‌కి బ్రేక్ ఎక్కువ పడుతుంది, పెడల్ ప్రయాణం మారదు. అయితే చిన్న రిమ్ముల్లో పెద్ద డిస్క్ పట్టదు, కొలిపించుకోండి. ముందు బ్రేక్ మరీ పెంచితే వెనక చక్రాల వాటా తగ్గి, ముందు టైర్లు త్వరగా పట్టు కోల్పోయి ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) తొందరగా కొట్టుకుంటుంది. ఆ తర్వాత బండి ఎంత దూరంలో ఆగాలో టైర్లు తేలుస్తాయి.

కిట్ ఇప్పటికే కొనేసి ఉంటే, బిగించాక ఒక్కసారి వంగి చూడండి. ఎయిర్ బయటికి వదిలే బ్లీడింగ్ నిపుల్ కాలిపర్ పైభాగాన ఉండాలి. కిందికి ఉంటే కుడి ఎడమలు తారుమారు చేశారన్నమాట, అలా ఎన్ని సీసాల ఆయిల్ పోసినా ఎయిర్ బయటికి రాదు.